గుర్రుమనడం మరిచిన జాగిలం

ఘంటాశిలా నగరంలో ఆ ఉదయం ఊరు ఊరంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తోంది. అమావాస్య కొలువునాడు అక్కడి ఆచారం అది. రాజుగారి ఎదుట ప్రజల పెదవులు కనిపించకూడదు, పెదవి దాటి సణుగుడు వినిపించకూడదు. ఒకప్పుడు ఆ ఊళ్ళో కోటబురుజుల మీద, ఆవుల మెడల్లో, ఆఖరికి పసిపిల్లల మొలతాళ్ళకు కూడా గంటలు మోగేవి. ఊరి వెనక నిలబడ్డ ఘంటాగిరి సంగతి చెప్పనే అక్కర్లేదు. నీలి రాతిపలకలు అంతస్తులు అంతస్తులుగా పేర్చినట్టుండే ఆ కొండను గోటితో మీటినా ఖంగుమనేది. ఆ నాదం లోయలన్నీ తిరిగి మళ్ళీ ఊళ్ళోకి వచ్చేది. ఇప్పుడు గంటలన్నీ కరిగించి రాజుగారి స్నానానికి గంగాళాలు పోయించారు. కొండ మీద చెయ్యి వేసినవాడికి ఆ చెయ్యి ఉండదని చాటింపు వేయించారు.

చాటింపులన్నింట్లోకీ వింతైనది 'గుర్రు నిషిద్ధం' అన్నది. రాజుగారి ఉద్దేశం కుక్కల గురించి. రాజోద్యోగులకు అంత వివరం ఎక్కడిది? కుక్క గుర్రుమన్నా గుర్రే, మనిషి గుర్రుపెట్టినా గుర్రే అని తీర్మానించుకుని, తలారులు ఇళ్ళ మీద పడి నిద్రలో గుర్రుపెట్టే ముసలివాళ్ళను మంచాలతో సహా మోసుకుపోయారు. ఆనాటి నుంచి ఘంటాశిలలో మగవాళ్ళందరూ బోర్లా పడుకుంటున్నారు. తప్పు దిద్దమని అడగాలంటే నోరు తెరవాలి కదా, అందుకని ఎవరూ అడగలేదు.

కోట లోపలి జాగిలశాలలో మాత్రం ఒక యువకుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అతనికి రెండు చేతులూ ఖాళీ లేవు. ఒక చేతిలో మాంసం ముక్కలున్న తోలుసంచి ఉంది, రెండో చేతిలో ఆవుదూడంత జాగిలం తాలూకు పగ్గం ఉంది. కొత్తగా కొలువులో చేరిన శిక్షకుడు పైడన్న అని శాలలో అందరికీ అతను తెలుసు. అతను అసలు మగవాడే కాదని, చందనగిరి రాకుమార్తె కువలయ అని తెలిసినవాళ్ళు అక్కడ లేరు. పై పెదవి మీద తుమ్మజిగురుతో అంటించుకున్న మీసం కూడా ఆ జాగిలం రాల్చిన బొచ్చే. అది మంచి మీసం, గాలికి కాస్త కుక్క వాసన వేస్తుందంతే.

ఆమె అన్న ఉదయకేతు, చందనగిరి యువరాజు, ఘంటాగిరి గర్భంలో సంకెళ్ళలో ఉన్నాడు. అతను చేసిన నేరం ఒక్క మాట అనడం. ఘంటాశిలను ఏలే చండవిక్రమ మహారాజు, మౌనసిద్ధుడనే ఒక మాంత్రికుణ్ణి వెంటబెట్టుకుని వేటకు వెళ్ళి, ఒంటరిగా తిరిగి వచ్చాడు. మాంత్రికుణ్ణి పులి తినేసిందన్నాడు. తరవాత గంటలు కరిగాయి, నోళ్ళు మూతపడ్డాయి. చిన్నప్పుడు ఆ రాజు ఒళ్ళో కూర్చుని ఆడుకున్న ఉదయకేతు అతిథిగా వచ్చి, నిండు కొలువులో ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈయన మా బాబాయి కాదు" అన్నాడు. అంతే, కొండ మింగేసింది. ఇవాళ సంధ్యాదీపం వెలిగించగానే అతని తల తీయాలని ఆజ్ఞ.

అతన్ని చేరడానికి లోకానికి తెలిసింది ఒక్కటే దారి. కొలువుకూటం చివర, కొండను తొలిచి పెట్టిన శిలాకవాటం. అది అమావాస్య కొలువులో మాత్రమే పైకి లేస్తుంది. కొండకు కాపలా కాసే జాగిలాన్ని రాజుగారి ముందు నిలబెట్టాలి. రాజుగారు దాని నెత్తిన చెయ్యి వేయాలి. అది కిక్కురుమనకుండా నిలబడితే, దాన్నీ దాని శిక్షకుణ్ణీ లోపలికి పంపుతారు. కువలయ పగ్గం పట్టుకున్నది అందుకే. చందనగిరి నుంచి సైన్యం తేగలదు కానీ, సైన్యం వచ్చేసరికి అన్న తల ఉండదు.

ఇక జాగిలం సంగతి. మంచుకొండల అంచున గొర్రెలమందల్ని తోడేళ్ళ నుంచి కాసే జాతి అది. నిలబడితే మనిషి నడుముకు వస్తుంది, భుజాల మీద కాళ్ళు వేసి లేస్తే మనిషిని దాటిపోతుంది. మెడ చుట్టూ సింహానికున్నట్టు నల్లని జూలు, రాగిరంగు కళ్ళు, గోధుమరొట్టెంత పంజాలు. పేరు గండడు. శాలలో అందరూ దాన్ని 'అది' అనే అనేవారు. కువలయ వచ్చిన రోజు నుంచీ 'వాడు' అంది. మనమూ అలాగే అందాం.

గండడు గుర్రుమనడు, మొరగడు. తోక కదలదు, చెవి కదలదు. ఎదుటివాడు అంతా బాగుందనుకుని దగ్గరికి వెళ్ళేసరికి, ఆ నిశ్శబ్దంలోంచే మీదికి దూకుతాడు. అంతకుముందు వచ్చిన శిక్షకుల్లో ఒకడికి చెయ్యి పోయింది, ఇంకొకడికి ప్రాణమే పోయింది. మొరిగే కుక్క కరవదని ఊరంతా అనేమాటే కానీ, మొరగనివ్వని కుక్క ఏం చేస్తుందో ఆలోచించినవాడు ఆ శాలలో లేడు.

శాలకు అధిపతి పేరు కశాధరుడు. కొరడా పట్టుకునే పుట్టాడని అందరూ అనుకునేవారు. పెద్దకుక్కకు పెద్దకర్ర అన్నది అతని శాస్త్రం. తింటున్న కుక్క ముందు నుంచి పళ్ళెం లాగేస్తే యజమాని ఎవరో దానికి తెలుస్తుందనేవాడు. పగ్గం లాగితే ముళ్ళపట్టా బిగించాలనేవాడు. గుర్రుమంటే మూతి మీద కొట్టాలనేవాడు. శాలలో కుక్కలకు సంకటి వండే సూరమ్మ అనే ముసలావిడ ఒకనాడు కువలయను నీళ్ళ గాబు వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇది పుట్టు మూగది కాదు నాయనా. పిల్లప్పుడు ఎవురన్నా ముట్టబోతే గుర్రుమనేది, మనం తప్పుకుంటే ఊరుకునేది. రాజుగారు ఏటనుంచొచ్చిన నాడు ఆయన్ని చూసి గుర్రుమంది. ఈ ఒక్కటే కాదు, శాలలో ఉన్నయ్యన్నీ అన్నాయి. ఆరోజు నుంచి కొట్టుడే కొట్టుడు. గుర్రుమంటే దెబ్బ తగుల్తాదని తెలుసుకుంది, ఇప్పుడు గుర్రుమనకుండానే కరుస్తంది. కోపం ఏడకి పోతాది నాయనా, లోపలే ఉంటాది కదా."

కువలయ ఆ మాట మనసులో పెట్టుకుంది. గండడి గదిలోకి మొదటిసారి వెళ్ళినప్పుడు వాడి కళ్ళలోకి చూడలేదు, ఎదురుగా నిలబడలేదు. పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, అరచెయ్యి తెరిచి పెట్టింది. ఆమెకు భయం వేసింది, చాలా భయం వేసింది. గండడు వచ్చి ఆ అరచెయ్యిని వాసన చూశాడు. చూశాడు, చూశాడు, ఎంతకీ వదల్లేదు. కరవనూ లేదు. అప్పుడామెకు వాడి గడ్డిపరుపులో పచ్చని పట్టుగుడ్డ ముక్క ఒకటి కనిపించింది. అది చందనగిరి నేత. ఉదయకేతు ఉత్తరీయం. కిందటి అమావాస్య దాకా కొండలో కాపలా కాసినన్నాళ్ళూ ఈ జాగిలానికి తన ముద్దలోంచి ముద్ద పెట్టింది తన అన్నే అని ఆమెకు అర్థమైంది. అన్న చేతివాసనా తన చేతివాసనా ఒక చెట్టు గంధమే. కువలయ ఆ రోజు ఆ గడ్డిలో కూర్చుని ఏడ్చింది, గండడు ఆమె వీపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. వాడి బరువుకు ఆమె ముందుకు తూలి పడబోయింది.

ఆ తరవాత చేసిన పనిని చూసి శాలంతా నవ్వుకుంది. కశాధరుడు కుక్క ముందు నుంచి పళ్ళెం లాగితే, పైడన్న పళ్ళెంలో మాంసం ముక్క వేసి వెనక్కి వచ్చేవాడు. కువలయ గండడి గొంతు వినలేదు కనుక ఒళ్ళు వినడం నేర్చుకుంది. పళ్ళెం దగ్గరికి ఆమె రాగానే వాడి నమలడం ఆగేది, మెడ బిగిసేది, కంటి తెల్లగుడ్డు ఒక అంచున కనిపించేది. కనిపించగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, ముక్క విసిరేది. వద్దంటే వద్దే. అలా చేయగా చేయగా ఒక ఉదయం వాడి ఛాతీలోంచి, తుప్పు పట్టిన తలుపు తీసినట్టు, గుర్ మని ఒక చప్పుడు వచ్చింది. చప్పుడు చేసినవాడే హడలిపోయి, దెబ్బ పడుతుందని మూతి నేలకు ఆనించాడు. కువలయ చప్పున వెనకడుగు వేసింది.

"విన్నాను రా," అంది.

గండడు తలెత్తి చూశాడు. ఆ చూపు ఆమె జన్మలో మరిచిపోలేదు. తన మాట చెల్లుతుందని తెలిశాక వాడికి కరవాల్సిన అవసరమే తప్పింది. కొన్నాళ్ళకు ఆమె చెయ్యి పళ్ళెంలో ఉండగానే తిన్నాడు. మనిషి మీదికి ఎగిరితే ఆమె వీపు తిప్పేది, నాలుగు కాళ్ళూ నేల మీద ఉంటేనే నిమిరేది. పగ్గం బిగిస్తే గుంజలా నిలబడిపోయేది, వదులైతేనే నడిచేది. అంత ఒంటికి పని లేకపోతే పిచ్చెక్కుతుందని నీళ్ళబండికి కట్టి, 'లాగరా' అంటే లాగడం, 'చాలు' అంటే ఆగడం నేర్పింది. కశాధరుడు ఇదంతా గోడ మీది నుంచి చూస్తూ, కుక్కను నెత్తికెక్కించుకుంటున్నాడని పదిమందికీ చెప్పుకుని తిరిగాడు.

అమావాస్య పొద్దు నడినెత్తికి వచ్చింది. కొలువుకూటంలో స్ఫటిక స్తంభాల మీద వైడూర్యాల తోరణాలు వేలాడుతున్నాయి. నెమలికన్నుల వింజామరలు లేస్తూ దిగుతున్నాయి. పన్నీటి జల్లుకు పాలరాతి నేల చెమర్చింది. సామంతులు, దండనాయకులు, వర్తకశ్రేష్ఠులు, పురజనులు బారులు తీరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. అన్ని నగలు, అన్ని రంగులు, అంత జనం ఉండి కూడా, ఆ కూటంలో ఈగ వాలితే వినిపించేది. సింహాసనం వెనక ఎర్రపట్టు తెర, ఆ తెర వెనక రాజుగారికి మాత్రమే తెలిసిన చిన్న వాకిలి. ఎదురుగా, కూటం అవతలి చివర, శిలాకవాటం. అప్పటికే భటులు మోకులు లాగి దాన్ని మనిషెత్తు లేపి పట్టుకున్నారు.

కువలయ గండడితో కూటం మధ్యకు వచ్చింది. పగ్గం వదులుగా వేలాడుతోంది. జనం కళ్ళు పెద్దవి చేసి చూశారు, ముళ్ళపట్టా లేని జాగిలాన్ని ఆ కూటం ఎన్నడూ చూడలేదు. దారిలో ఒక సామంతుడి చేతికర్ర జారి ఠక్కుమని పడినా గండడు ఉలికిపడలేదు. ఆమె వేలు కిందికి చూపగానే పాలరాతి మీద కూర్చున్నాడు. ఇంకొక్క గడియ వీడు ఇలాగే కూర్చుంటే అన్న దక్కుతాడని ఒకే జపం చేసుకుంది.

చండవిక్రముడు సింహాసనం దిగి వచ్చాడు. నిండైన విగ్రహం, వెండి గడ్డం, నవ్వుతున్న ముఖం. జాగిలం నెత్తి మీదికి చెయ్యి చాచాడు.

గండడి మెడ బిగిసింది. కంటి తెల్లగుడ్డు అంచున మెరిసింది. ఆపైన కొలువుకూటంలో, గంటలు కరిగాక మొట్టమొదటిసారిగా, ఎదురు చెప్పే చప్పుడు ఒకటి లేచింది. గుర్ర్ ర్ ర్ మని, సన్నగా మొదలై, పాలరాయి కింద నుంచి పాకి జనం అరికాళ్ళకు తగిలింది. తోకను కడుపు కిందికి ముడుచుకుని, పళ్ళు చూపకుండా, ముఖం పక్కకు తిప్పుకుని గుర్రుమన్నాడు గండడు. ఆ తీరు కువలయకు బాగా తెలుసు. దాని అర్థం 'దగ్గరికి రాకు' అని.

రాజు చెయ్యి ఆగిపోయింది. నవ్వు ముఖం మీదే ఉంది కానీ కళ్ళలోంచి జారిపోయింది. కువలయకు ఆ క్షణంలో అంతా తెల్లమైంది. శాలలో కుక్కలన్నీ ఒక్కటిగా తమ రాజును చూసి ఎందుకు గుర్రుమన్నాయో, అన్న ఏం చూశాడో, పులి తిన్నది ఎవరినో. మంత్రంతో ముఖం మారుతుంది, గొంతు మారుతుంది, ఒంటివాసన మారదు. మనుషులు ముఖం చూసి మోసపోతారు, కుక్కలకు ఆ సదుపాయం లేదు.

కశాధరుడు పరుగున వచ్చి తన కొరడా ఆమె చేతిలో కుక్కాడు. రాజుగారు కరుణించి ఒక అవకాశం ఇస్తున్నారని, మూతి మీద ఒక్క దెబ్బ వేసి నోరు మూయిస్తే తప్పు కాసి లోపలికి పంపుతారని గబగబా చెవిలో చెప్పాడు. కవాటం తెరిచే ఉంది. దాని అవతల అన్న ఉన్నాడు. ఒక్క దెబ్బ చాలు, గండడు మళ్ళీ మూగవాడైపోతాడు. గుడ్డివాడికి కూడా కనిపించేంత తేలిక దారి.

కువలయ కొరడా వంక చూసింది. గండడు కూడా చూశాడు. చూసి, వాడు పారిపోలేదు, మూతి నేలకు ఆనించలేదు. ఆమె వైపు ఒక్కసారి కళ్ళెత్తి, మళ్ళీ రాజు వైపు తిరిగి గుర్రుమన్నాడు. తన మాట చెల్లుతుందని వాడు నమ్మాడు. అది చూసి ఆమెకు కోపం తన్నుకొచ్చింది. రాజు మీద, కశాధరుడి మీద, నోటికి చేతులు అడ్డం పెట్టుకున్న ఆ వందల మంది మీద, కొరడా అందుకున్న తన చేతి మీద.

"కొట్టను," అంది. మీసం కింద నుంచి వచ్చింది ఆడగొంతు. దాచాలన్న ధ్యాస కూడా ఆమెకు లేకపోయింది. "కుక్క గుర్రుమనేది కరవడానికి కాదు, కరవకుండా ఉండడానికి. ముందుగా చెబుతోంది, అదీ దాని మర్యాద. ఆ మర్యాదను కొట్టి చంపితే మిగిలేది కోరలే. వీడు మీకు వద్దని చెప్పాడు. వాడు చెప్పింది నేను విన్నాను, ఈ ఊరు విన్నది. వేట నుంచి వచ్చిందెవరో మీరే చెప్పండి."

కొరడా కర్రను మోకాలికి వేసి విరిచి, ఆ రెండు ముక్కలూ కశాధరుడి కాళ్ళ దగ్గర పడేసింది.

కూటంలో ఎక్కడో, ఒక అరచేతి వెనక నుంచి, ఎవరో "ఊఁ" అన్నారు. ఎవరన్నారో ఎప్పటికీ తెలియలేదు. కానీ ఆ ఊఁ విని రాజు ముఖం నల్లబడింది. చెయ్యి విసిరాడు. కవాటం భటులు మోకులు వదిలేశారు, కత్తులు దూసిన వాళ్ళు అన్ని వైపుల నుంచీ మూసుకొచ్చారు. ఏనుగంత రాతిపలక గరగరమంటూ దిగడం మొదలుపెట్టింది. దానికీ కువలయకూ మధ్య కూటం సగం పొడవుంది. ఎంత పరుగెత్తినా అందదని ఆమెకు తెలిసిపోయింది.

ఆమె పగ్గాన్ని నడుముకు చుట్టుకుని ముడి బిగించింది.

"లాగరా!"

ఇన్నాళ్ళూ లాగొద్దు లాగొద్దని నేర్పించుకున్న ఒంట్లో దాచిపెట్టిన బలమంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. గండడు దూకిన దూకుకు కువలయ కాళ్ళు నేలను విడిచాయి. పన్నీటితో చెమర్చిన పాలరాతి మీద ఆమె వెల్లకిలా జారిపోయింది. ఒక బల్లెం ఆమె భుజం పక్కన రాతికి తగిలి విరిగింది. ఒక భటుడు గండడికి అడ్డం వచ్చి, వాడి ఛాతీ తగిలి వింజామరలు పట్టుకున్న వాళ్ళ మీద పడ్డాడు. తలపాగా ఊడింది, మీసం ఊడింది, జడ విప్పుకుని వెనక పరుచుకుంది. పైడన్న ఆడపిల్ల అని అప్పుడు చూశారు జనం. పలక మోకాలెత్తుకు దిగిపోయింది. గండడు కడుపు నేలకు రాసుకుంటూ దాని కిందికి దూరాడు, వెనకే కువలయ దూరింది, ఆమె జడ కొస మీద పలక దభీమని పడింది.

తలను విసిరి లాగితే జడ కొస తెగింది, ఆమె ఆగలేదు. పలక మూతపడే ముందు చివరగా ఆమె కళ్ళకు కనిపించింది సింహాసనం వెనక కదిలిన ఎర్రపట్టు తెర.

కొండ లోపల పగలు నీలంగా ఉంది. పైన చీలికల్లోంచి జారిన ఎండ నీలి పలకల మీద పడి, నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు ఉంది. కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు ఆమె ఊపిరి తగిలితేనే సన్నగా మ్రోగుతున్నాయి. ఒక నీటిచుక్క ఎక్కడో పడితే, ఆ చుక్క శబ్దం మెట్లు దిగి, వంతెనలు దాటి, వంద గదులు తిరిగి, తియ్యగా మారి తిరిగి వస్తోంది. ఊరు పోగొట్టుకున్న గంటలన్నీ ఇక్కడ దాక్కున్నట్టున్నాయి. గండడికి ఆ దారి కొట్టిన పిండి. ముక్కు నేలకు ఆనించి, మలుపు మలుపుకూ ఆగి ఆమె వచ్చిందో లేదో చూసుకుంటూ నడిచాడు. పగ్గం వదులుగానే ఉంది.

చివరి మలుపు తిరగ్గానే ఒక విశాలమైన గది. గది అవతలి గోడకు సంకెళ్ళతో ఉదయకేతు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది, నుదుటి మీద చిన్నప్పుడు మామిడిచెట్టు ఎక్కి పడిన మచ్చ అలాగే ఉంది. మధ్యలో నేల మీద పాత తుంగచాప పరిచి ఉంది.

"వచ్చావా పిల్లీ," అన్నాడు.

లోకంలో కువలయను పిల్లీ అని పిలిచేది అన్న ఒక్కడే. ఒకసారి గోడ దూకబోయి పాలకుండలో పడిన నాటి నుంచి అదే పేరు. అతను నీరసంగా నవ్వి, సంకెళ్ళకు తాళం లేదని, చీల మాత్రమే ఉందని, తన చెయ్యి అందడం లేదని, వచ్చి లాగేస్తే చాలని, సంధ్యాదీపానికి వేళ అవుతోందని చెప్పాడు. ఆమె చాప వైపు పాదం ఎత్తింది.

గుర్ర్ మన్నాడు గండడు.

ఆమె పాదం గాలిలోనే ఆగింది. వాడి తోక కడుపు కింద ఉంది. ముఖం పక్కకు తిరిగి ఉంది. కొలువుకూటంలో రాజును చూసి గుర్రుమన్న గుర్రే అది, వెంట్రుకంత తేడా లేదు.

అన్న ముఖం చిన్నబోయింది. ఇన్నాళ్ళూ తన ముద్ద తిన్న కుక్క తన మీదే గుర్రుమంటోందని, కొట్టి కొట్టి దానికి మతి చెడగొట్టారని, దాన్ని పట్టించుకోవద్దని అన్నాడు. ఆ గొంతు అన్నదే. ఆ మచ్చ అన్నదే. కంటి చివర నీళ్ళు కూడా అన్నవే అనిపించాయి. తన కళ్ళూ చెవులూ ఒక మాట చెబుతున్నాయి, కుక్క ఒక్కటీ ఒక మాట చెబుతోంది. ఈ కుక్క చెప్పింది తప్పయితే, అన్నను చేతులారా చంపుకున్నట్టవుతుంది. కువలయకు ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే ఒక అడుగు వెనక్కి వేసింది.

"విన్నాను రా," అంది గండడితో. తరవాత గోడ వైపు తిరిగి, "వీడు వద్దన్నాడు. నాకు వీడి మాటే మాట" అంది.

భుజాన వేలాడుతున్న మాంసం సంచి తీసి చాప మధ్యకు విసిరింది. చాప సంచితో సహా చప్పున కిందికి మాయమైంది. దాని కింద నేల లేదు, నల్లని నుయ్యి. సంచి అడుగున తగిలిన చప్పుడు కాసేపటికి గానీ రాలేదు. ఆ చప్పుడు వెనకే నూతిలోంచి దగ్గు వినిపించింది. దగ్గు తరవాత ఒక మనిషి గొంతు, దాహంతో ఎండిపోయిన గొంతు.

"గండా... నువ్వేనా?"

కడుపు కిందికి పోయిన తోక మెల్లగా బయటికి వచ్చింది. ఒక్కసారి ఆడింది. రెండోసారి ఆడి, ఆమె కాలికి తగిలి, ఇక ఆగకుండా ఆడింది. కువలయకు ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. అన్నయ్య బతికే ఉన్నాడు.

గోడ దగ్గర సంకెళ్ళు వాటంతటవే ఊడిపడ్డాయి. ముద్దుపేరుతో సహా మంత్రంతో దొంగిలించి తొడుక్కున్న ఉదయకేతు ముఖం మైనంలా జారి, అందులోంచి చండవిక్రముడి గడ్డం తేలి, అదీ జారి, కనుబొమలు లేని పాలిపోయిన ముఖం ఒకటి మిగిలింది. పులి తినేసిందన్న మౌనసిద్ధుడి ముఖం. సింహాసనం వెనక ఎర్రతెర ఎందుకు కదిలిందో, ఆ తెర వెనక వాకిలి ఎక్కడికి తెరుచుకుంటుందో కువలయకు అప్పుడు తెలిసింది. అతను తొందరపడలేదు. నూతి అంచు వెంబడి నడిచి వస్తూ, పెదవుల మీద వేలు పెట్టుకుని, గండడి కళ్ళలోకి చూస్తూ, ఆ ఊరి కుక్కలన్నింటికీ దెబ్బలతో నేర్పించిన మాట ఒక్కటి అన్నాడు.

"మౌనం."

గండడి ఒళ్ళంతా వణికింది. చెవులు వాలిపోయాయి, మూతి నేల వైపు వంగింది. ఆ మాట వెనక ఎన్ని కొరడాలున్నాయో వాడి వీపుకు తెలుసు. కువలయ పగ్గం లాగలేదు, గద్దించలేదు. ముళ్ళపట్టా మచ్చలు పడ్డ ఆ మెడ పక్కన మోకరిల్లి, ముడి విప్పి, పగ్గాన్ని నూతిలో పడేసింది.

"నీ ఇష్టం రా గండా. నువ్వేం చెప్పినా వినడానికి నేనున్నాను."

మాంత్రికుడు చెయ్యెత్తాడు. గండడు మూతి పైకెత్తాడు. పిల్లప్పటి నుంచి మింగిందంతా ఛాతీలోకి తెచ్చుకుని, కోరలు చూపించి, బతుకులో మొదటిసారి మొరిగాడు.

ఆ మొరుగు ఒక పలకను తాకింది. పలక ఖంగుమంది. దాని పక్కది ఖంగుమంది, దానిపైది, ఆ పైది, కప్పు నుంచి వేలాడే ఊడలన్నీ, వంతెనలూ మెట్లూ, గది వెనక గదీ, చివరికి ఘంటాగిరి అంతా ఒకే ఒక్క గంటై మోగింది. మౌనం మీదే మంత్రాలన్నీ నిలబెట్టుకున్న మౌనసిద్ధుడు రెండు చేతులతో చెవులు మూసుకుని వెనక్కి తూలాడు. కింద నగరంలో జనం నోటి మీది చేతులు తీసి కొండ వైపు చూశారు. జాగిలశాలలో గొలుసులతో పడి ఉన్న మూగకుక్కలన్నీ చెవులు నిక్కించాయి. సంకటి కలుపుతున్న సూరమ్మ తెడ్డు ఆపి చూస్తుండగా, వాటిలో బక్కచిక్కిన ఒక ముసలి కుక్క లేచి నిలబడి, కొలువు నుంచి అప్పుడే తిరిగొచ్చిన, కొరడా లేని కశాధరుడి ముఖంలోకి చూసి, గుర్రుమంది.